ఏటి ఆవలి వార్త

పాఠ్యభాగము: యెహోషువ 22:10–34
తోడుగా చదువదగినవి: నెహెమ్యా 6:1–9, మత్తయి 6:1–4, అపొస్తలుల కార్యములు 6:1–7



దుమ్ముగూడెము వద్ద గోదావరి యొడ్డున నిలిచి ఆవలి గట్టును చూచినవారికి ఒక సంగతి తెలియును. ఆవల పొగ లేచుట కనబడును గాని, అది వంట పొగయో, పోడు కాల్చిన పొగయో, ఇల్లు తగులబడిన పొగయో ఈవలినుండి చెప్పలేము. తెలియవలెనన్న ఎవరైన నొకరు పడవ యెక్కి పోవలెను. ఇప్పుడు ఆ పొగను ఫోనులో ఫొటో తీసి, దాని క్రింద మనకు తోచిన మాట చేర్చి పదిమందికి పంపుట బహు సులువు. పంపువారు పెరిగిరి, పడవ యెక్కువారు తగ్గిరి.

ఈ నెల పాఠము సామాజిక మాధ్యమముల ప్రభావమును గూర్చినది. మరియు ప్రజలతో సత్సంబంధము నిలుపుకొనుటకు తగిన వ్యూహమును గూర్చినది. ఇది పట్టణములలోని కంపెనీల సంగతి గదా, మనకేల యని తలంపవద్దు. సంఘ కాపరి, సర్పంచి, ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, యువజన సమాజ కార్యదర్శి – వీరిలో ప్రతివారును నేడు ఏదో యొక వాట్సాప్ గ్రూపునకు పెద్దలై యున్నారు. వారి వ్రేలి క్రింద ఒక యూరి నెమ్మది యున్నది. ఆ యూరి భయమును అక్కడనే యున్నది.

1. యొర్దాను యొడ్డున బలిపీఠము

రూబేనీయులును గాదీయులును మనష్షే అర్ధగోత్రపువారును యుద్ధము ముగిసిన పిమ్మట యెహోషువ దీవెన పొంది తమ యిండ్లకు మరలిపోయిరి. వారి యిండ్లు యొర్దానునకు తూర్పున నున్నవి. పోవుచు ఏటి దగ్గర చూపునకు గొప్పదైన యొక బలిపీఠము కట్టిరి. ఆ వార్త పడమటి గోత్రములకు చేరెను. వెంటనే సమాజమంతయు షిలోహులో కూడి యుద్ధమునకు సిద్ధమాయెను. మొన్నటివరకు ఒకే దండులో ప్రక్క ప్రక్కన నిలిచిన సహోదరులు, ఒక్క వార్తతో శత్రువులైరి.

ఇక్కడ గమనింపవలసిన దేమనగా, ఆ వార్త అబద్ధము కాదు. బలిపీఠము నిజముగా కట్టబడెను. అది యెందుకు కట్టబడెనో అన్నది మాత్రమే వార్తతో రాలేదు. వదంతులలో ఎక్కువ హాని చేయునవి ఇట్టివే. పూర్తిగా కల్పించిన దానిని కొందరైన అనుమానింతురు. సగము నిజమైన దానిని ఎవరును అనుమానింపరు.

కత్తి తీయకముందు వారు చేసిన యొక పనివలన గొప్ప కీడు తప్పెను. యాజకుడగు ఎలియాజరు కుమారుడైన ఫీనెహాసును, అతనితో గోత్రమునకు ఒక్కరు చొప్పున పదిమంది ప్రధానులను ఏరు దాటించి పంపిరి. ఫీనెహాసు మెతక మనిషి కాడు. పెయోరు సంగతిలో ఈటె పట్టినవాడు అతడే. అట్టివాడు ఈ తడవ ఈటె విడిచి ప్రశ్న పట్టుకొని పోయెను. తమ భయమును దాచక ముఖాముఖిగా చెప్పెను. వారి యుత్తరమును చివరవరకు వినెను.

ఆ యుత్తరమేమి? ఇది బలులకొరకు కట్టినది కాదు. రేపు మీ పిల్లలు మా పిల్లలను చూచి, యొర్దానునకు ఆవలివారు మనవారు కారని త్రోసివేయుదురేమో యని భయపడి, మనము ఒక్క జనమే యనుటకు సాక్షిగా దీనిని కట్టితిమి అని. దేనిని చీలికకు గురుతనుకొని దండు కట్టిరో, అది చీలిక రాకుండుటకు కట్టినదే. ఫీనెహాసు తృప్తిపడి తిరిగి వచ్చి, తాను విన్నదంతయు తన జనులకు చెప్పెను. యుద్ధపు మాట అంతటితో ఆగెను.

తూర్పు గోత్రములవారిలోను కొరత యున్నది. అంత పెద్ద కట్టడమును ఏటి గట్టున లేపుచు, ఆవలి సహోదరులకు ముందుగా ఒక్క మాట చెప్పి పంపలేదు. మంచి పని చేసినను మౌనముగా చేసిన యెడల, ఆ మౌనమును ఇతరులు తమ భయముతో నింపుదురు. ప్రజాసంబంధములను విద్యకు మొదటి పాఠము ఇదే.

2. 2018వ సంవత్సరపు వేసవి

ఇది పూర్వకథ మాత్రమే కాదు. 2018వ సంవత్సరము వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ సందేశములు తెలుగు జిల్లాలన్నిట ప్రాకెను. వీడియోలు ఎక్కడివో, ఎప్పటివో; క్రింద వ్రాసిన మాటలు మాత్రము మన తెలుగువి. భిక్షకులును బాటసారులును మతి స్థిమితము లేనివారును దెబ్బలు తినిరి, ప్రాణములు పోయినవి. ఆ యేడు జూలై 1వ తేదిన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడాలో అయిదుగురు నిరపరాధులను జనులు కొట్టి చంపిరి.

జోగులాంబ గద్వాల జిల్లాలో ఆ కాలమున పోలీసు సూపరింటెండెంటుగా నుండినవారు రెమా రాజేశ్వరి. అక్కడ గ్రామమునకు ఒక పోలీసు వంతున నియమించి, వారు తరచుగా ఆ యూరికి పోయి జనులతో మాటలాడునట్లు ఏర్పాటు చేసియుండిరి. వేసవిలో ఆరుబయట పండుకొను పల్లెజనులు ప్రొద్దు గ్రుంకగానే తలుపులు వేసికొనుచున్నారని ఆ పోలీసులు కనిపెట్టిరి. ఏల యని యడిగిరి. అప్పుడు జనులు తమ ఫోనులలోని సందేశములను చూపిరి. పిమ్మట పోలీసులు దప్పులతోను పాటలతోను దాదాపు 400 గ్రామములలో తిరిగి, ఆ వార్తలు అబద్ధమని చెప్పిరి. గ్రామస్థుల వాట్సాప్ గ్రూపులలో తామును చేరి, అనుమానము కలిగినప్పుడు తమను అడుగుడని కోరిరి. వదంతుల వలన ఆ జిల్లాలో ఒక్క ప్రాణమును పోలేదు.

చదువరులారా, ఇందులో మొదట కనిపెట్టినది యంత్రము కాదు. మూసిన తలుపులను చూచిన మనిషి కనిపెట్టెను. ఆ మనిషి అంతకు ముందే ఆ యూరివారికి పరిచితుడు గనుక వారు ఫోను తెరచి చూపిరి. ఆపద వచ్చిన దినమున నమ్మకమును సంపాదించుకొనుట కుదరదు. అది ముందుగా కూడబెట్టుకొన్న ధాన్యమువంటిది.

వాట్సాప్ సంస్థయు అదే యేడు జూలైలో మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండ హద్దు పెట్టెను. మరియొకరినుండి వచ్చిన సందేశమని తెలియుటకు గురుతును చేర్చెను. 2020 ఏప్రిల్‌లో, అనేకసార్లు చేతులు మారిన సందేశమును ఒకసారి ఒక్క చాటుకే పంపునట్లు చేసెను. అట్టి సందేశముమీద జంట బాణముల గురుతు కనబడును. అది కనబడినప్పుడు, దీని మొదటి సాక్షి మనకు తెలియడు అని గ్రహింపవలెను. ఇంకొక వింత యేమనగా, వదంతులను గూర్చి జనులను హెచ్చరించుటకు ఆ సంస్థ వార్తాపత్రికలలో నిండు పుట ప్రకటనలు వేయించెను. కొత్త మాధ్యమము పాత మాధ్యమము గడప త్రొక్కవలసి వచ్చెను.

నెహెమ్యా కాలమున సన్బల్లటు అయిదవ సారి తన పనివానిచేత విప్పియున్న పత్రికను పంపెను. మూసిన పత్రిక ఒక్కడే చదువును. విప్పిన పత్రికను దారిలో ప్రతివాడును చదువును. అందులో అన్యజనులు ఇట్లు చెప్పుకొనుచున్నారనియు, ఫలానివాడును చెప్పుచున్నాడనియు వ్రాసెను. నేటి ఫార్వర్డు సందేశములకు ఇది ముత్తాత. నెహెమ్యా దానికి క్లుప్తముగా ఒక్క ఖండన పంపి, గోడపని ఆపకుండెను. ప్రతి నిందకును దినమెల్ల బదులు వ్రాయుచు కూర్చుండిన యెడల గోడ లేవదు.

3. ఈ విద్యకు రెండు దారులు

ప్రజాసంబంధములను వృత్తిగా చేసిన తొలివారిలో అమెరికా దేశస్థుడైన ఐవీ లీ ఒకడు. అతడు మెథడిస్టు బోధకుని కుమారుడు. పత్రికా విలేఖరిగా పనిచేసినవాడు. 1906లో బొగ్గుగనుల సమ్మె సమయమున గని యజమానుల పక్షమున పత్రికలవారికి ఒక ప్రకటన పంపెను. మా పని బహిరంగముగా జరుగును, మేమిచ్చు సమాచారము సరియైనదై యుండును, పరీక్షింపగోరువారికి తోడ్పడుదుము అని దాని భావము. కొత్తగూడెము, మణుగూరు గనుల పొరుగున నున్న మనకు ఆ మాట విలువ తెలియును; గనిలో ఏమి జరిగినదో గని పైనున్నవారు చెప్పినదాకా బయటివారికి తెలియదు గదా.

అయితే అదే ఐవీ లీ 1914లో కొలరాడో రాష్ట్రపు లడ్లో వద్ద సమ్మె కార్మికుల గుడారములు కాలి, స్త్రీలు పిల్లలు మరణించిన పిమ్మట, యజమానుల పక్షమున వేసిన కరపత్రములలో తప్పు సంగతులు వచ్చినవి. కంపెనీవారిచ్చిన దానిని తాను పరీక్షింపలేదు. మంచి నియమమును వ్రాసినవాడే దానిని దాటెను. ఆ మచ్చ అతని పేరును విడువలేదు. నియమము వ్రాసికొనుట సులువు. మనకు జీతమిచ్చువారి మాటను పరీక్షించుట కష్టము.

రెండవ దారి ఎడ్వర్డు బెర్నేస్‌ది. 1929లో న్యూయార్కు నగరమున ఈస్టరు పండుగనాటి ఊరేగింపులో కొందరు యువతులు బహిరంగముగా సిగరెట్లు వెలిగించిరి. చూచినవారికి అది స్త్రీల స్వాతంత్ర్య చిహ్నముగా తోచెను, పత్రికలు వ్రాసెను. వాస్తవమునకు దానిని ఏర్పాటు చేసినవాడు, సిగరెట్టు కంపెనీ సొమ్ము పుచ్చుకొన్న బెర్నేసే. తనంతట పుట్టినట్లు కనబడుచు, వెనుక చేయి దాచుకొన్న ప్రచారము అది. పని చేయించినవాని పేరు కనబడునా, దాచబడునా – ఈ రెండు దారులను విడదీయు ప్రశ్న ఇదే.

మన దేశమున ప్రజాసంబంధముల సంఘము 1958లో ఏర్పడెను. 1968 ఏప్రిల్ 21వ తేదిన ఢిల్లీలో జరిగిన మొదటి అఖిల భారత సభలో ఈ వృత్తివారు ఒక నీతి నియమావళిని అంగీకరించిరి. ఏప్రిల్ 21ని ప్రజాసంబంధముల దినముగా పాటించుట అందువలననే.

4. పలుకుబడిని అమ్ముకొనుట

నేడు ఇన్‌ఫ్లుయెన్సర్లను క్రొత్త వర్గము పుట్టెను. వారు మన పిల్లలకు ఇంటి మనుష్యులవలె మాటలాడుదురు. తినునది, కట్టునది, వాడునది చూపుదురు. ఎవడును సొమ్మిచ్చి చెప్పించుచున్నాడని తెలియనంతవరకు, అది స్నేహితుని సలహావలె వినబడును. ఇది బెర్నేసు దారియే. అందుచేతనే కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో నియమములు ప్రకటించి, సొమ్ము గాని కానుక గాని పుచ్చుకొని చెప్పుచున్నప్పుడు ఆ సంగతి స్పష్టముగా తెలుపవలెనని విధించెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపుచ్చు ప్రకటనకు 10 లక్షల రూపాయలవరకును, మరల చేసిన యెడల 50 లక్షలవరకును జరిమానా విధింపవచ్చును.

2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు బెట్టింగు యాపులను ప్రచారము చేసిరను ఆరోపణమీద పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసులు నమోదు చేసిరి. అప్పటి ఆర్టీసీ మేనేజింగ్ డైరెక్టరు వి.సి. సజ్జనార్ అవే సామాజిక మాధ్యమములలో ఆ యాపులకు వ్యతిరేకముగా పట్టుదలతో వ్రాసియుండిరి. ఒకే సాధనము, ఒకడు దానితో ఉచ్చు పన్నును, మరియొకడు ఉచ్చు ఇక్కడ నున్నదని కేక వేయును. అప్పుచేసి పందెమాడి ప్రాణము తీసికొన్న యువకుల సంగతులు మనము విన్నవే. కావున తలిదండ్రులు పిల్లలను, ఫోను చూడవద్దని గద్దించుటకంటె, నీకు ఈ మాట చెప్పువానికి ఎవరు సొమ్మిచ్చుచున్నారు అని అడుగుట నేర్పవలెను.

మన సంఘములను కూడ పరీక్షించుకొందము. వరద బాధితులకు బియ్యము పంచునప్పుడు, సంచి పుచ్చుకొను ముసలమ్మ ముఖమును ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టుచున్నాము. దాతలకు లెక్క చూపుట న్యాయమే. సంచుల లెక్క వ్రాయవచ్చును; బిల్లు చూపవచ్చును; ఊరి పేరు చెప్పవచ్చును. ఆమె తల వంచిన క్షణము మనది కాదు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియరాదని ప్రభువు చెప్పియుండగా, మనము ఊరంతటికి తెలుపుచున్నాము.

5. ఒకే యింజనీరు, రెండు పనులు

మన దుమ్ముగూడెములోనే ఈ పాఠమునకు ఒక దృష్టాంతము కలదు. 19వ శతాబ్దమున గోదావరిని పడవల రాజమార్గముగా చేసి, లోతట్టు దేశపు ప్రత్తిని సముద్రమునకు చేర్చవలెనని సర్ ఆర్థర్ కాటన్ మొదలైనవారు గట్టిగా ప్రచారము చేసిరి. ఆ పనిమీద ఇక్కడికి వచ్చిన యింజనీరు కెప్టెన్ హెయిగ్. దుమ్ముగూడెము ఆనకట్ట ఆ ప్రయత్నములోనిదే. ఖర్చు పెరిగి, తలంచినంత ఫలము కనబడక, 1871లో ప్రభుత్వము ఆ పథకమును నిలిపివేసెను. లండనులో వినబడిన గొప్ప మాటకును, ఇక్కడి రాళ్లకును ఎడము మిగిలెను.

అదే హెయిగ్ 1860ల తొలినాళ్లలో, కోయలను గూర్చిన భారముతో ఇక్కడ చర్చి మిషనరీ సొసైటీ పనికి కారకుడయ్యెను. తరువాత వచ్చిన రెవరెండు జాన్ కెయిన్ ఇచ్చటనే దీర్ఘకాలము నిలిచి, కోయభాష నేర్చి, వారి ఆచారములను గూర్చి వ్రాసి, లూకా సువార్తను వారి మాటలోనికి తెచ్చెను. ఆ పనికి ఆర్భాటము లేదు, ఐనను నిలిచెను. ఏలయనగా చెప్పువాడు వినువాని భాష నేర్చెను, వినువాని గడపలో కూర్చుండెను.

నేడు కూడ మన మండలములో తెలుగు చదువజాలని కోయ పెద్దలున్నారు. పొడుగాటి ప్రకటనను ఫొటో తీసి గ్రూపులో పెట్టి, అందరికి తెలియజేసితిమి అనుకొనుట పొరపాటు. కోయభాషలో అర నిమిషపు మాటను రికార్డు చేసి పంపుట మేలు. ఫోనే లేని యింటికి నడచి పోవుట అంతకంటె మేలు.

6. వరదనాటి వ్యూహము

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. 2022 జూలైలో గోదావరి పొంగి, 16వ తేదికి భద్రాచలము వద్ద 71.3 అడుగులు చేరెను. 1986 ఆగస్టునాటి 75.6 అడుగుల తరువాత అంతటి నీరు మనము చూడలేదు. ఆ వరద ముదురకముందు ఒక రాత్రి, ఎగువన కట్ట తెగినదను సందేశము నా ఫోనునకు వచ్చెను. మేలు చేయుచున్నాననుకొని, ఎవరిని అడుగక దానిని పంపితిని. ఏటి గట్టుననున్న యొక కుటుంబమువారు చీకటిలో, వానలో, మంచముపట్టిన తల్లిని మోసికొని మెరకకు పోయిరి. అది అబద్ధమని తెల్లవారి తెలిసెను. వారు తిరిగి వచ్చిరి. రెండు దినములకు నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు, ఇదియు అట్టిదే అని కదలుటకు సందేహించిరి. పొరుగువారు పోయి బ్రతిమాలి తీసికొనిరావలసి వచ్చెను. వారు బ్రతికిరి, అది నా మంచితనము కాదు. నేను ఆ రాత్రి పంపినది వార్త కాదు. నిజమైన హెచ్చరికకుండవలసిన బలమును దొంగిలించితిని.

కాబట్టి ఏటి యొడ్డు సంఘములకు ఈ నియమములు మనవి చేయుచున్నాను:

(1) నీటిమట్టము తెలుపునప్పుడు ఎక్కడి మట్టమో, ఏ తేదినో, ఎన్ని గంటలకో, ఎవరు ప్రకటించిరో తప్పక చేర్చుడి. భద్రాచలము వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. గంట వ్రాయని అంకె మరునాటికి అబద్ధమగును.

(2) సంఘములో ఇద్దరిని మాత్రము ఈ పనికి నియమింపుడి. వారు అధికారులను అడిగి, తమ పేరుతో తెలుపవలెను. పేరు పెట్టుటకు జంకు కలిగిన సందేశము పంపదగినది కాదు.

(3) తప్పు పంపినయెడల దానిని తుడిచివేసి ఊరకుండవద్దు. తప్పు పోయిన ప్రతి గ్రూపునకు దిద్దుబాటు పోవలెను.

(4) ఫోను లేనివారి, చదువురానివారి యిండ్ల పట్టికను వానలకు ముందే వ్రాసికొని, ఏ యింటికి ఎవరు పోవలెనో నిర్ణయింపుడి.

(5) ఫిర్యాదు వచ్చినప్పుడు, ఫిర్యాదు చేసినవానిని గ్రూపునుండి తొలగింపవద్దు. యెరూషలేములో గ్రీకు భాష మాటలాడువారు తమ విధవరాండ్రు చిన్నచూపు చూడబడుచున్నారని సణిగినప్పుడు, అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. అందరిని పిలిచి, మంచి పేరుగల ఏడుగురిని ఏర్పరచిరి. ఆ యేడుగురి పేర్లును గ్రీకు పేర్లే. నొచ్చినవారి భాషవారికే భోజనపు బల్లలు అప్పగింపబడెను. మాటతో చల్లార్చుట కాదు, పనితో సరిదిద్దుట నిజమైన ప్రజాసంబంధము.

ముగింపు

యొర్దాను యొడ్డున బలిపీఠమునకు సాక్షి యను భావముగల పేరు పెట్టిరి. మనము పంపు ప్రతి సందేశమును ఒక సాక్షియే. అది మనము చెప్పిన సంగతిని గూర్చి సాక్ష్యమిచ్చుటకు ముందు, మనలను గూర్చి సాక్ష్యమిచ్చును: వీడు అడిగి చెప్పువాడా, అడుగక చెప్పువాడా అని. ఎంతమందికి చేరినది అన్న లెక్క ఫోను చూపును. ఎంతమంది మన మాట నమ్మి చీకటిలో లేచి నడతురు అన్నది వరదనాడు గాని తెలియదు. ఈ వానకాలమునకు ముందు మన మధ్యనుండి కొందరు ఫీనెహాసులు లేచి, పంపుటకు ముందు ఏరు దాటి పోయి అడుగువారై యుందురు గాక.

చర్చించుటకు ప్రశ్నలు

1. పడమటి గోత్రములవారు విన్న వార్తలో ఏది నిజము? ఏది కొరవడెను?
2. తూర్పు గోత్రములవారు ముందుగా ఏమి చేసియుండవలసినది? మన సంఘములో అట్లు చెప్పక చేసిన పని ఏదైన కలదా?
3. గత నెలలో మీరు పంపిన సందేశములలో, మీ పేరు వ్రాసి సంతకము చేయగలిగినవి ఎన్ని?
4. మీ వీధిలో ఫోను లేని యిండ్లు ఎన్ని? వరద రాత్రి వాటికి ఎవరు పోవుదురు?